రెండో భాగంలో అంబాసిడర్

"ఆ డైరెక్టర్ని ఒక్క రోజు నా షెడ్డుకి తీసుకురండి మాస్టారూ. కారంటే ఏంటో చూపిస్తా," అంటూ మెకానిక్ ధనరాజు థియేటర్ మెట్లు దిగాడు.

వెనక దిగుతున్న జనంలో ఎవరో తెర మీది ముసలి కారులాగా ఖళ్ళున దగ్గి చూపించారు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ధనరాజుకు ఒళ్ళు మండింది.

ధనరాజు, కనకరత్నం, దుర్గాశ్రీనివాస్ మాస్టారు ముగ్గురూ బందరు నుంచి గుడివాడ దాకా వచ్చింది ఆ కార్ల బొమ్మల సినిమా రెండో భాగం కోసమే. మొదటి భాగంలో హీరో ఒక పాత తెల్ల అంబాసిడర్. మాట్లాడే కార్లుండే ఊరికి అది పెద్దదిక్కు. వరదలో కొత్త కార్లన్నీ ఆగిపోతే అదొక్కటే అందర్నీ ఒడ్డుకు లాగింది. ఆ సినిమా ధనరాజు నాలుగుసార్లు చూశాడు. ఈ రెండో భాగంలో అదే అంబాసిడర్ని నవ్వులపాలు చేశారు. కదిలితే మోత, ఆగితే పొగ. కరెంటు కార్లు చుట్టూ చేరి వెక్కిరింపులు.

"మీ అంబాసిడర్‌కి దగ్గన్నా ఉంది. మా పద్మినికి అసలు వేషమే లేదు," అన్నాడు కనకరత్నం. ఆయన దగ్గర ఒక పాత ప్రీమియర్ పద్మిని కారు ఉంది. ఏడాదిలో పది నెలలు టార్పాలిన్ కిందే ఉంటుంది.

"నీకు వేళాకోళంగా ఉంది బాబాయ్."

"ఏడవమంటావా? బొమ్మల సినిమారా అది."

దుర్గాశ్రీనివాస్ తన అంబాసిడర్ తలుపు తీశాడు. కాలేజీలో లెక్కలు చెప్తాడు. టికెట్లు ఆయనే కొన్నాడు. సినిమా నడిచినంతసేపూ తెర కంటే పక్కనున్న ఇద్దరి మొహాలే ఎక్కువ చూశాడు.

"కథ సంగతి పోనీ ధనరాజూ. ఇంజను శబ్దం ఎలా ఉంది?" అని అడిగాడు.

"అడక్కండి. అసలు కడుపుమంట అదే."

కారు గుడ్లవల్లేరు రోడ్డెక్కింది. ఎనభై నాలుగు మోడల్ బండి. మాస్టారి నాన్నగారు కొన్నది. ఇరవై రెండేళ్ళుగా ధనరాజు తప్ప ఇంకొకరు దాని బానెట్ ఎత్తలేదు. ఇప్పుడు పొగ మొదలైంది, ఇంజను మొత్తం విప్పాలి. చిలకలపూడిలో ధనరాజు షెడ్డుకు ఇవ్వడమా, బెజవాడ పంపడమా అన్నది మాస్టారు నెల రోజులుగా తేల్చలేదు. షెడ్డులో వేరే పనేమీ లేదు. కొత్త కార్లన్నీ కంపెనీ వర్క్‌షాపులకు పోతున్నాయి. అక్కడ కంప్యూటర్ తగిలించి రోగం కనిపెడతారట. ఏడో తరగతితో బడి మానేసిన ధనరాజుకు తెలిసింది ఒక్కటే. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినడం. ఈ బండి కూడా పోతే ఆ స్క్రూడ్రైవర్‌తో పని లేదు, షెడ్డుకు తాళమే.

"ఆ మోత కంప్యూటర్లో పుట్టించింది కాదు మాస్టారూ," అన్నాడు ధనరాజు. "నిజం బండిదే. పెట్రోలు బండి. ఎక్కడో దొరకబుచ్చుకున్నారు."

"అంత ఖాయంగా చెప్పగలవా?"

"రెండో సిలిండర్ దగ్గర ట్యాపెట్టు టకటకా కొడుతోంది. టైమింగ్ చైను వదులు. హాలంతా వినపడుతుంటే మీకు వినపళ్ళేదా? ఆ బండి చూసే మెకానిక్ చెవుల్లో సీసం పోసుకున్నాడు!"

"పాత బండి కదరా, వయసైపోయి ఉంటుంది," అన్నాడు కనకరత్నం.

"పొగ వయసుది బాబాయ్. మోత మెకానిక్‌ది. ఇలాంటి చేతకాని వెధవల వల్లే మన బండ్లంటే లోకువైపోయింది. నవ్వినవాళ్ళని అని ఏం లాభం? ముందు వాణ్ణి చెప్పుచ్చుకు కొట్టాలి."

దుర్గాశ్రీనివాస్ గేరు మార్చాడు. తర్వాత నెమ్మదిగా, "ఏళ్ళ తరబడి ఒకే బండి వింటుంటే చెవికి అలవాటైపోతుందేమో పాపం," అన్నాడు.

"వాడి మీద జాలెందుకండీ మీకు? మెకానిక్కు చెవి అలవాటు పడిందంటే స్పానర్లు కింద పెట్టెయ్యాలి."

కవుతరం దాటారు. అటూ ఇటూ చేలు. కనకరత్నం ముందుకు వంగి, "ఇంతకీ బండి ఎవరికిస్తున్నారు మాస్టారూ? ఇంత చెవి ఉన్నవాణ్ణి పక్కన పెట్టుకుని బెజవాడ దాకా ఎందుకు?" అన్నాడు.

"ధనరాజుకే ఇద్దామని వచ్చాను," అన్నాడు దుర్గాశ్రీనివాస్. "ఇంటికెళ్ళేలోపు ఆ మాటే చెబుదామనుకున్నా."

ధనరాజు కిటికీలోంచి బయటికి చూశాడు. నెల రోజులుగా ఎదురుచూసిన మాట. కానీ సినిమా మంట ఇంకా చల్లారలేదు.

"నాకిచ్చినా ఇవ్వకపోయినా ఒక్క మాట వినండి మాస్టారూ. ఆ సినిమా బండిని బాగుచేసే మెకానిక్ ఎవడోగానీ, వాడి చేతికి మాత్రం ఇది ఇవ్వొద్దు. బెజవాడలోనే ఉండి ఉంటాడు. రేపు మీ మనసు మారితే వాడి దగ్గరికే చేరుతుంది. నాన్నగారి బండి. ఒట్టెయ్యండి."

"ఇప్పుడు ఒట్లెందుకు ధనరాజూ? ఊరుకో."

"వెయ్యాల్సిందే."

"ఆ మాట వెనక్కి తీసుకో. తర్వాత బాధపడతావు."

"నేనా! ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నా పెడతాను."

"వేసెయ్యండి మాస్టారూ, పోయేదేముంది?" అన్నాడు కనకరత్నం.

పెడన రైలు గేటు పడి ఉంది. దుర్గాశ్రీనివాస్ బండి ఆపాడు. ఇంజను ఆపలేదు. స్టీరింగ్ మీద అరచెయ్యి ఆనించి, "నాన్న మీద ఒట్టు. వాడికివ్వను," అన్నాడు.

ధనరాజు హమ్మయ్య అని సీటుకు జారగిలబడి, థియేటర్ దగ్గర్నుంచీ మొదటిసారి నవ్వాడు.

"వినండి మాస్టారూ. ఇదీ ఇంజనంటే," అన్నాడు.

పోయిన వేసవిలో సినిమావాళ్ళు బందరులో మాస్టారి ఇంటికొచ్చి రికార్డు చేసుకెళ్ళింది ఈ ఇంజను మోతనే.