అట్టలతో కట్టిన ఊరు

“గడప ఎత్తు?”

“ఏడంగుళాలు.” బొమ్మలాయన తల ఎత్తకుండానే చెప్పాడు.

“కిటికీ?”

“గడపకి నాలుగడుగులు ఇవతల. రెండు చువ్వలు వంగి ఉండేవి.”

మైకమ్మ రికార్డరు వంక చూసింది. చిన్న దీపం వెలుగుతోంది. మాట పడుతోంది.

రేడియో స్టేషన్లో ఆమెను అందరూ మైకమ్మ అనే పిలుస్తారు. సొంత రాష్ట్రం గురించి అక్కడి కళాకారుల చేత, మామూలు మనుషుల చేత మాట్లాడించడం ఆమె పని. ఈసారి ఎత్తుకున్నది గని మింగేసిన ఊరు. ఆమె పుట్టిన ఊరే. కానీ అది ఖాళీ అయ్యేనాటికి ఆమెకు ఏడాదైనా నిండలేదు. ఇప్పటికి తొమ్మిదిమందిని కదిపింది. పాటలు పాడే ఆమె ఆ ఊరి గాలి గురించి చెప్పింది. వాయిద్యాలు చేసే తాత మట్టి గురించి చెప్పాడు. ఏ ఇద్దరి ఊరూ ఒకటి కాదు. అందరూ కలిసింది ఒక్కచోటే. గని తరఫున టేపు పట్టుకొచ్చి, ఇల్లిల్లూ కొలిచి, గోడల మీద ఎర్ర అంకెలు వేసిపోయిన కొలతలవాణ్ణి తిట్టడంలో. “వాడి చేతులు పడిపోనూ” అన్న తాత మాటని ఆమే కత్తిరించాల్సి వచ్చింది.

పదో గొంతు ఈ బొమ్మలాయనది. ఆరు వీధుల ఊరుని అట్టముక్కలతో, పుల్లలతో బల్ల మీద నిలబెట్టాడు. ఇరవయ్యేళ్ళ పని. ఆయన ఫొటో చూపిస్తే పాటలామె పెదవి విరిచింది. “ఏ ఇంటివాడో గుర్తు రావట్లేదమ్మా. ముప్ఫయ్యేళ్ళాయె. మా ముఖాలే మాకు గుర్తులేవు.”

మైకమ్మ అసలు ఆశ ఆయన గొంతు మీద లేదు. తనతో ఆయనింటికి తీసుకొచ్చి మూల కుర్చీలో కూర్చోబెట్టిన అమ్మ మీద ఉంది. అమ్మకి చూపు పోయి రెండేళ్ళు. మందుల గురించి, కూతురి వంట గురించి ఎంతసేపైనా వంకలు పెడుతుంది. ఊరి మాటెత్తితే మాత్రం నోటికి తాళం. ఆ తాళం వెనక ఏదో ముప్ఫయ్యేళ్ళుగా మురిగిపోతోంది. అది బయటపడకుండానే అమ్మ వెళ్ళిపోతుందేమోనని మైకమ్మ భయం. డాక్టరు నెలల లెక్కే చెప్పాడు. కళ్ళతో కాకపోయినా వేళ్ళతో ఇల్లు చూస్తే, ఆ తాళం ఊడుతుందేమో.

“మీ ఇల్లేది మాస్టారూ?”

“అన్నీ నావే అనుకోండి.”

“అలా తప్పించుకుంటే ఎలా? వినేవాళ్ళు అడుగుతారు.”

“వినేవాళ్ళకి ఊరు కావాలా, నా ఇల్లు కావాలా?”

ఆమె నవ్వి, ఒక ఇంటి పైకప్పు మెల్లగా ఎత్తి చూసింది. లోపల అంతా ఖాళీ.

“లోపల గదులు చెయ్యలేదేం?”

“ఒకళ్ళ ఇళ్ళలోకి తొంగిచూస్తామా ఏంటి?”

“పెంకులు ఎర్రగా ఉండేవన్నారు అందరూ. ఇవన్నీ మట్టిరంగులో ఉన్నాయి.”

“ఎరుపు నా చేతికి రాదు.”

“పోనీ ఆ కొలతలవాడి గురించి?”

“తొమ్మిదిమంది చెప్పాక ఇంకా నేనెందుకమ్మా?” ఆయన కత్తెర తీసుకుని, తల వంచి మరో అట్టముక్క కత్తిరించసాగాడు.

మానుతున్న పుండును గోకినట్టయిందేమోనని ఆమె మాట మార్చింది. “ఊరంటే ఎంత ప్రేమ లేకపోతే ఇంత పని చేస్తారు!”

“ప్రేమ అనకండి. నిద్ర పట్టనివాడి పని ఇది.” ఆయన గొంతు తగ్గించాడు. “అమ్మగారిని చూడమనండి. ఆవిడ ఏమంటారో అదొక్కటి చాలు నాకు.”

“ముందు ఆ డబ్బా ఆపితేనే లేస్తాను,” అంది అమ్మ మూలనుంచి. “దాని నోట్లో పెట్టడానికి నా మాటలే దొరికాయా?”

“ఆపేశాలే అమ్మా.”

ఆపలేదు. అమ్మకి కనబడదని తెలిసినా రికార్డరు దీపం మీద అరచెయ్యి అడ్డం పెట్టి, రెండో చేత్తో అమ్మని బల్ల దగ్గరికి నడిపించింది.

అమ్మ వేళ్ళు వీధి మలుపు దగ్గర ఆగాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో ఇంటి మెట్లు తడిమాయి. మూడో మెట్టు మూల విరిగి ఉంది.

“మీ నాన్న సైకిలు,” అంది అమ్మ. “తాగొచ్చి గుద్దాడు. మెట్టుదే తప్పన్నాడు.”

ముప్ఫయ్యేళ్ళ తర్వాత మొదటి మాట. మైకమ్మ రికార్డరుని ఇంకాస్త దగ్గరికి జరిపింది. గోడవారగా నిలబడ్డ బొమ్మలాయన ముఖంలో ఏదో కదిలింది.

అమ్మ వేలు మెట్లెక్కి తలుపు దగ్గరికి వెళ్ళింది. గోటితో నెట్టింది. కదల్లేదు. పక్కింటికి వెళ్ళింది. ఎదురింటికి వెళ్ళింది. వీధి చివరిదాకా వెళ్ళి, రెండో వీధిలోకి తిరిగింది. మెట్టు తాకినప్పుడు కన్నీళ్ళతో తడిసిన ముఖం నెమ్మదిగా ఆరిపోయింది.

“అన్నీ మూసేసి ఉన్నాయేంటే?”

“మధ్యాహ్నమేమో అమ్మా. ఎండకి వేసుకుని ఉంటారు.”

“ఎండకా?” అమ్మ పొడిగా నవ్వింది. “శవం లేచిన ఇంటిక్కూడా మేం పగలు తలుపెయ్యలేదే.” చూపులేని ముఖాన్ని గోడవైపు తిప్పింది. “ఏం బాబూ, నువ్వు చూసినప్పుడు ఇలాగే ఉన్నాయా?”

కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడయింది.

“ఇలాగే ఉన్నాయమ్మా. ప్రతి ఇల్లూ.”

అమ్మ ఊరి మీదనుంచి చెయ్యి తీసేసి, ఒళ్ళో తుడుచుకుంది.

“మేం తలుపులేసుకున్నది కొలతలవాడొచ్చినప్పుడే.”