రెండో ప్రమాణం

"ఆ కుర్చీలో కూర్చోకండమ్మా, అది ఇప్పుడు మీది కాదు," అన్నాడు పురపాలక కార్యదర్శి.

కౌన్సిలరమ్మ చెయ్యి కుర్చీ మీదే ఆగిపోయింది. "నేను రాజీనామా చెయ్యలేదే! పొద్దున జిల్లా బోర్డు సభ్యురాలిగా కూడా ప్రమాణం చేశానంతే. రెండింట్లో ఏది వదులుకోవాలో తీరిగ్గా చూసుకుంటాను."

"రెండోదానికి ప్రమాణం చెయ్యగానే మొదటిది పోతుందమ్మా. చట్టం అంతే. చూసుకునేదేదో ముందే చూసుకోవాల్సింది."

గోడ పక్క బెంచీ మీద మరిది కాలు మీద కాలేసుకుని నవ్వాడు. వార్డు ఎన్నికలో ఆమె చేతిలో ఓడినప్పట్నుంచీ పలకరించనివాడు, ఇవాళ తెల్లారకుండానే కారు తెచ్చి, "ఆలస్యం దేనికి వదినా" అంటూ దగ్గరుండి ప్రమాణం చేయించాడు. ఆ మర్యాదంతా దేనికో ఆమెకిప్పుడు తెలిసింది.

"నీకు ముందే తెలుసన్నమాట!"

"చదువుకున్న వదినకి నేను చెప్పాలా? వార్డుకి మళ్ళీ ఎన్నికొస్తుంది. ఈసారి నాకు అడ్డెవరు?"

ఆమె కుర్చీ మీంచి చెయ్యి తీసేసింది.

"నా తోడికోడలు."

"నా పెళ్ళామా? నామీద పోటీకా?" పగలబడి నవ్వాడు.

"పోయినసారి ఎవరికి ఓటేసిందో ఇంటికెళ్ళి అడుగు."

మరిది మెల్లగా కాలు కింద పెట్టాడు.