కోంగీకి చదువు చెప్పిందెవరు?

“శనివారం మీటింగులో తేలిపోతుందిలే. ఆ కుక్కన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి” అంది కింది ఫ్లాటు ప్యో పెద్దమ్మ, గుమ్మం బయటే నిలబడి.

యొంజు భుజానున్న సంచీ ఇంకా దించనేలేదు. పొద్దుట్నుంచీ వండిన కూరలమ్మే కొట్లో నిలబడి ముల్లంగి తరిగి తరిగి ఆమె నడుము విరిగిపోతోంది. కాళ్ల దగ్గర కోంగీ తోక ఊపుతూ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. లోకంలో దాన్ని మించిన బుద్ధిమంతురాలు లేదనుకోవాలి ఎవరైనా.

“మీరే చూస్తున్నారుగా పెద్దమ్మా. నేనుంటే కిక్కురుమనదు.”

“నువ్వుంటే కదమ్మా. నువ్వటు లిఫ్టు ఎక్కడం, ఇదిటు మొదలెట్టడం. సరిగ్గా నా నడినెత్తి మీద. నేను ఆఫీసుకి ఫోన్ చేయడం, మేనేజరు తక్ గారు మైకు పట్టుకోవడం, ఆయన ఆపగానే ఇది మళ్లీ అందుకోవడం. రోజూ ఇదే భజన. ఆయన గొంతు పోయింది, నా చెవులు పోయాయి. దీనికి మాత్రం సిగ్గు లేదు.”

ఆ అపార్టుమెంట్లలో నీళ్లు ఆగినా, లిఫ్టు చెడినా, ఎవరింట్లో కుక్క మొరిగినా ఆఫీసువాళ్లు మైకు అందుకుంటారు. ప్రతి ఇంటి హాల్లోనూ పైకప్పుకున్న స్పీకరులోంచి వినక చావదు. కట్టేద్దామంటే మీట ఉండదు. పగలంతా కొట్లో ఉండే యొంజుకి ఆ బాధ పెద్దగా తెలీదు.

“మళ్లీ ట్రైనింగుకి పంపిస్తాను పెద్దమ్మా.”

“మొన్న పంపి ఉద్ధరించావుగా. అంతకుముందు ఊరికే మొరిగేది, ఇప్పుడు రాగం తీస్తోంది. దీన్ని పంపించేయాలని చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా సంతకాలు పెట్టేశారు. నన్ననుకోకు.”

పెద్దమ్మ వెళ్లిపోయింది. యొంజు చెప్పులు విడిచిన చోటే కూలబడింది. కోంగీ వచ్చి ఒళ్లో తల పెట్టింది. దీన్ని ఎవరికిచ్చేది? ఇంటికొస్తే ఎదురొచ్చే ప్రాణం ఇదొక్కటే. ఇది కూడా పోతే ఆ తాళం తీసి లోపలికి రావడమెందుకో ఆమెకే తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే కొట్టుకి ఆలస్యమవుతుందని చెప్పి, ఊరి చివర కుక్కల బడికి తీసుకెళ్లింది. ట్రైనరు సంగ్‌హోని చూడగానే కోంగీ చప్పున కూర్చుంది.

“మళ్లీ చేర్చుకోనమ్మా” అన్నాడతను. “ఇక్కడున్నన్నాళ్లూ అనవసరంగా ఒక్కసారి నోరెత్తలేదు. దీనికేం లోటు లేదు. నేర్చుకోవాల్సింది మీరు. ఆదివారాలు రండి, ఇద్దరికీ కలిపి చెబుతాను.”

“నాకు ఆదివారమూ కొట్టే బాబూ. ఇల్లు చేరేసరికి ఒళ్లు హూనమైపోతుంది. నాకు తీరికుంటే నీ దగ్గరికి ఎందుకు తెస్తాను?”

“తీరిక మీకు లేదేమో, దానికి బోలెడుంది. కుక్క రోజంతా ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంటుంది. మీరు నేర్పకపోతే ఇంకెవరో నేర్పుతారు.”

“పగలు నా ఇంట్లో ఇంకెవరున్నారు నేర్పడానికి, గోడలా?”

“అది నాకేం తెలుసు? మొరగమని మాత్రం ఎవరో గట్టిగా నేర్పుతున్నారు. కెమెరా పెట్టి చూసుకోండి.”

దారి పొడుగునా యొంజు అతన్ని తిట్టుకుంటూనే వచ్చింది. వెళ్లిన పని కాకపోగా నీతులొకటి. కానీ లిఫ్టులో ఉండగా ఒక అనుమానం తొలిచింది. ప్యో పెద్దమ్మే వచ్చి తలుపు గోకి, రెచ్చగొట్టి పోతోందా? ఆవిడ అంతపనీ చేయగలదు. ఆ రోజే పాత ఫోనొకటి వెతికి, హాలంతా, వీధి తలుపూ కనిపించేలా కెమెరా ఆన్ చేసి టీవీ పక్కన నిలబెట్టింది. పెద్దమ్మ దొరికితే మీటింగులో అందరి ముందూ కడిగేయాలనుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం కొట్టు వెనక, బోర్లించిన కిమ్చీ పచ్చడి డబ్బా మీద కూర్చుని, ఒక చేత్తో అన్నం తింటూ తన ఫోనులో ఇంటి కెమెరా తెరిచింది.

కోంగీ తలుపు దగ్గర పడుకుని ఉంది. లేచి, యొంజు ఇంట్లో వేసుకునే చెప్పుల్ని వాసన చూసింది. మళ్లీ పడుకుంది. మళ్లీ లేచింది. తలుపు ఎవరూ గోకలేదు. బెల్లు ఎవరూ కొట్టలేదు. పెద్దమ్మ పత్తా లేదు. యొంజుకి కాస్త నిరాశగా కూడా అనిపించింది.

అప్పుడు కోంగీ హాలు మధ్యకి నడిచి వచ్చింది. తలెత్తి పైకప్పు వంక చూసి మొరిగింది. ఆగి, చెవులు రిక్కించింది. మళ్లీ మొరిగింది. అందులో కోపం లేదు, బెదురు లేదు. పక్కగదిలో ఉన్న మనిషిని పిలుస్తున్నట్టుంది. అలా పిలుస్తూనే ఉంది, టింగ్‌మని గంట మోగేదాకా.

“మేనేజ్‌మెంటు ఆఫీసు నుంచి తెలియజేయునది ఏమనగా” అని పైనుంచి తక్ గారి బొంగురు గొంతు మొదలైంది. “కుక్కలున్న ఇళ్లవారు దయచేసి ఇరుగుపొరుగును దృష్టిలో పెట్టుకుని…”

కోంగీ టక్కున నోరు మూసింది. బడిలో నేర్పినట్టు బుద్ధిగా కూర్చుంది. తల ఓ పక్కకి వంచి, తోకతో నేలని తడుతూ, ఆయన చెప్పిందంతా విన్నది. ఆయన ధన్యవాదాలు చెప్పి ముగించారు. హాలు మూగబోయింది. తోక ఆగిపోయింది.

యొంజు నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. పొద్దుట్నుంచీ ఆ ఇంట్లో మాట్లాడిన మనిషి ఆయనొక్కరే.

కోంగీ కాసేపు ఎదురుచూసి, తలెత్తి మళ్లీ పిలిచింది. తక్ గారు మళ్లీ పలికారు.