సాలీడు కట్టిన దారాలు

వాగుకి ఈ ఒడ్డు పులిది, ఆ ఒడ్డు ఎలుగుబంటిది. ఎప్పుడు ఎవరు మీద పడతారోనని రెంటికీ కంటి మీద కునుకుండేది కాదు. వాగు మధ్య దిబ్బ మీద కుందేళ్లు బతికేవి. ప్రమాదం పసిగట్టిన కుందేలు వెనక కాలితో నేలను దబదబా కొట్టేది, మిగతావి బొరియల్లో దూరేవి.

ఒకనాడు సాలీడు వచ్చి ప్రతి కుందేలు చెవికీ ఒక దారం కట్టింది. "ఎంత దూరంలో ఉన్నవాళ్ల మాటైనా ఇక మీ చెవిలోనే వినపడుతుంది. కాళ్లు నొప్పి పుట్టేలా కొట్టుకోవడం దేనికి?" అంది. కుందేళ్లు మురిసిపోయాయి. పిల్లలకు నేల కొట్టడం నేర్పడం మానేశాయి.

సాలీడు ఆ దారాలన్నిటినీ తన గూటిలో కలిపి, అక్కణ్నుంచి ఒక కొస పులికీ ఇచ్చింది, ఒక కొస ఎలుగుకీ ఇచ్చింది. "దిబ్బ మీద ఏం జరిగినా ముందు మీకే తెలుస్తుంది" అని రెంటికీ విడివిడిగా చెప్పింది.

కొన్నేళ్లకు ఒక పొద్దున పులీ ఎలుగూ ఆ దిబ్బ కోసమే కలబడ్డాయి. ముసలి కుందేలు ఒక్కటే చూసి, కాలి తోలు ఊడేదాకా నేలను కొట్టింది.

"ఆ చప్పుడేంటి మామా?" అని పిల్లలు దారంలో సాలీడును అడిగాయి.

కుందేళ్లు పరిగెడితే దారాలన్నీ తెగుతాయని సాలీడుకి తెలుసు.

"ఏం లేదమ్మా. ముసలిదానికి మతి చెడింది. మీరు ఆడుకోండి" అంది.

పిల్లలు ఆడుకున్నాయి.

సాయంత్రానికి దిబ్బ మీద దారాలే మిగిలాయి. సాలీడు వాటికి అంటిన బొచ్చు దులిపి, చుట్ట చుట్టుకుని, ఉడతలుండే చెట్టు వైపు బయల్దేరింది.