శుక్రవారం స్నానం

వారమంతా జుమ్మని ఉరికి, శనివారం రాగానే ఆగాగి దగ్గుతూ మిస్సింగ్ కొట్టే తన పాత పొట్టికారు బానెట్ ఎత్తి, రామ్‌చందర్ ప్లగ్గుల మీది ఒక్కో కాయిల్ పీకాడు. మూడో స్పార్క్ ప్లగ్గు గుంతలో పసుపు నీళ్లు!

"ఆండాలూ! గిదేంది?"

భార్య కొంగుతో చేతులు తుడుచుకుంది. "శుక్రారం శుక్రారం నేనే తానం పోస్తున్న."

"ఇంజన్‌కా? గీ డొక్కు అమ్మెయ్యమని రోజూ లొల్లి పెట్టేది నువ్వే గద!"

"నువ్వు దాన్ని అమ్మకపోతివి. స్టీరింగ్ పట్టినవంటే ఇరవయ్యేండ్ల పోరనిలెక్క ఉరికిస్తవ్. నా మాట ఇనవు. గందుకే, నిన్ను పైలంగ ఇంటికి తీస్కరమ్మని దానికే మొక్కుతున్న."

రామ్‌చందర్ గుంత తుడిచి, కాయిల్ బిగించాడు. తాళం తిప్పగానే ఇంజన్ హాయిగా అందుకుంది.

ఆండాలును పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. సంతోష్‌నగర్ దాకా రోడ్డు ఖాళీగానే ఉంది. అతను మాత్రం మూడో గేరు దాటలేదు.