బిడ్డ రంగు

నర్సు పొత్తిళ్లలోని బిడ్డను పక్కన పడుకోబెట్టగానే ఐడెల్లా ఆ పసిముఖం మీదికి దుప్పటి లాగింది.

“ఆడపిల్లమ్మా, వెన్నముద్దలా ఉంది. దాచుకుంటావెందుకు?” అని నవ్వుతూ నర్సు వెళ్లిపోయింది.

1931లో అమెరికాలోని మొబీల్ నగరంలో ఉన్న తెల్లవాళ్ల ఆసుపత్రి అది. ఐడెల్లా నల్లవాళ్ల ఇంట పుట్టింది. ఒళ్లు తెల్లగా ఉండటంతో ఊరు మారి, తెల్లదాన్నని చెప్పుకుని క్లేటన్‌ను పెళ్లాడింది. ఆ సంగతి తెలిస్తే, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పెళ్లాడకూడదనే అలబామా రాష్ట్ర చట్టం జైల్లో పెడుతుంది. చట్టం కంటే ముందే ఇరుగుపొరుగు ఉరితాడు పట్టుకొస్తారు. పుట్టిన రోజు తెల్లగా ఉన్న బిడ్డ పది రోజుల్లో నల్లబడవచ్చు.

క్లేటన్ లోపలికి వచ్చాడు. నల్లవాళ్ల మాటెత్తితే అందరికంటే గట్టిగా ఈసడించే మనిషి.

“ఏదీ, నా కూతుర్ని చూడనీ.”

“ఇప్పుడే పడుకుందండీ. తర్వాత చూద్దురుగాని.”

“ఇలా ఇయ్యవే.”

బిడ్డను కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. కళ్లు చూడలేదు, ముక్కు చూడలేదు. చిన్న చెవిని మడిచి పై అంచు చూశాడు. తర్వాత వేళ్లు విప్పి గోళ్ల మొదళ్లు చూశాడు.

ఐడెల్లా మోచేతి మీద లేచి చూసింది. బిడ్డ రంగు ముందుముందు ఎలా తేలుతుందో అక్కడ చూసి చెప్పేది తన అమ్మమ్మ. నల్లవాళ్ల వాడలో ముసలమ్మలందరూ అక్కడే చూసేవాళ్లు. తెల్లవాళ్లెవరూ అలా చూడగా ఆమె ఎరగదు.

“అది మీకెవరు నేర్పారండీ?” అంది మెల్లగా. “మీ అమ్మా?”

అతను జవాబు చెప్పే ముందు తిరిగి, తలుపు మూసి ఉందో లేదో చూశాడు.