కోబె కుర్చీ

"ఆ కుర్చీ కాదవ్వా! అందులో కూర్చోకు."

సగం వంగిన ముసలావిడ అలాగే ఆగిపోయింది.

షిరిమా గల్లాపెట్టె వెనక నుంచి వచ్చి ఒక స్టూలు జరిపాడు. "ఇందులో కూర్చో. అది వేరే మనిషి కోసం ఉంచింది."

ఆవిడ స్టూలు మీద కూర్చుని, ఒళ్లో ఉన్న పొడవాటి మూట విప్పింది. పువ్వుల కాంగా గుడ్డలో తుపాకి.

చూడగానే షిరిమాకు నీరసం వచ్చింది. ఏనుగుల తుపాకి. బొటనవేలంత తూటా పట్టే రకం.

టాంజానియాలోని మొరొగొరోలో అతనిది తండ్రి నాటి తుపాకుల దుకాణం. ఒకప్పుడు ఇలాంటివి తెచ్చినవి తెచ్చినట్టే అమ్ముడుపోయేవి. ఇప్పుడు వేటకొచ్చే దొరలే తగ్గిపోయారు. దంతాలూ తోళ్లూ వాళ్ల దేశాలు రానివ్వడం లేదు. వచ్చే ఒకరిద్దరూ వేట కంపెనీ దగ్గరే తుపాకి అద్దెకు తీసుకుంటున్నారు. కొనేవాళ్లు పోయి అమ్మేవాళ్లు మిగిలారు. ముసలి వేటగాడు చనిపోవడం, నలభయ్యో రోజు దాటగానే పెళ్లాం తుపాకి పట్టుకుని ఇక్కడికి రావడం. అమ్ముడుపోక ఇనప్పెట్టెలో పడున్న తుపాకుల మీద ఇరుక్కున్న సొమ్ముతో ఇంకో దుకాణం పెట్టొచ్చు.

"మీ ఆయన ఎప్పుడు పోయాడవ్వా?"

"పదేళ్లయింది నాయనా."

"అప్పుడే తేవాల్సింది. మంచి ధర ఇచ్చేవాణ్ని."

"అప్పుడు దీంతో పనుండేది."

లైసెన్సు ఆవిడ పేరు మీదే ఉంది, ఊరు మహెంగె. భర్త పోయాక అందరూ మార్పించుకునేదే. షిరిమా దాన్ని మడిచి పక్కన పెట్టాడు.

తుపాకి భుజానికి ఎత్తి మొహం చిట్లించాడు. "ఇదేంటి, వెనక చెక్క ఇంత కోసేశారు? మెడ వంకరపోతోంది. మీ ఆయన మరీ అంత పొట్టివాడా?"

"పొడగరే. కర్ర లేకుండా మామిడికాయలు కోసేవాడు."

"మరి ఇదేం తెలివి! ఉన్న ధర కాస్తా పోయింది."

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "ఆ కుర్చీ ఎవరి కోసం నాయనా?"

ఆ మాట అడిగితే చాలు, షిరిమా బేరం మర్చిపోతాడు.

"కోబె కోసం. మీ మహెంగె వైపు మనిషే. పేరు విన్నావా?"

కోబె అంటే తాబేలు.

"విన్నాను," అంది ముసలావిడ.

"మా నాన్న కుర్రతనంలో వేట కంపెనీలో తోళ్లు ఒలిచేవాడు. ఓసారి దెబ్బతిన్న అడవిదున్న పొదలోంచి వచ్చి, నాన్నను కింద పడేసి తొడలో కొమ్ము దించింది. దొర చెట్టెక్కేశాడు. పక్క వరిచేల కాపలాకు తిరుగుతున్న కోబె చూశాడు. పరుగు లేదు, తొందర లేదు. తాబేలులా నడుచుకుంటూ దాని చెవి దాకా వచ్చి పేల్చాడు! నాన్న కళ్లు తెరిచేసరికి ఆస్పత్రి. తర్వాత ఎంత వెతికినా కోబె దొరకలేదు. సర్కారు ఊళ్లకు ఊళ్లు తరలించిన రోజులు కదా. ఎప్పుడొచ్చినా కూర్చోబెట్టాలని నాన్న ఈ కుర్చీ చేయించాడు. పోతూ నాకు అప్పగించాడు. మంత్రిగారొచ్చినా నిలబెట్టే మాట్లాడాను. అలాంటి మగాడు మళ్లీ పుడతాడా!"

ముసలావిడ కాంగా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గో నవ్వో తెలియలేదు.

"మీ నాన్న తర్వాత నడిచాడా?"

షిరిమా తడబడ్డాడు. కథ విన్నవాళ్లంతా దున్న ఎంత పెద్దదనే అడిగారు.

"కుంటుకుంటూ నడిచాడు. ఆ కాలితోనే తిరిగి ఈ దుకాణం పెట్టాడు. నేను పుట్టింది ఆ తర్వాతే."

ఆవిడ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ఎప్పుడో ఇచ్చిన విత్తనం ఏపుగా పెరిగిన చేను చూస్తున్నట్టు.

"సరే, తుపాకికి నువ్వెంతంటే అంతే."

"నిజం చెప్పనా అవ్వా? నేను కొనను. ఇక్కడ ఉంచి వెళ్లు. ఎప్పుడైనా అమ్ముడుపోతే కబురు పంపుతా."

"బస్సు చార్జీ ఇవ్వు, చాలు. తుపాకి నీకే. తుప్పు మాత్రం పట్టనివ్వకు."

షిరిమా గల్లా తెరిచాడు. ఇంత చవక బేరం అతనికి ఎన్నడూ తగల్లేదు. సంతోషం పట్టలేక, దారిలో వేరుశనగలు కొనుక్కోమని ఇంకో నోటు కలిపాడు.

వెళ్తూ ఆవిడ కుర్చీ చేతిని ఒకసారి తడిమింది. "రోజూ తుడుస్తూ ఉండు. వచ్చేవాళ్లు అలసిపోయి వస్తారు."

భోజనానికి వెళ్లిన ముసలి రిపేరు పనివాడు కునాంబి తిరిగొచ్చాడు. బల్ల మీది తుపాకి చూసి కళ్లద్దాలు సర్దుకున్నాడు. కోసిన చెక్కను బొటనవేలితో రాశాడు.

"ఇదెవరు తెచ్చార్రా?"

"మహెంగె ముసలమ్మ. ఎవడో పనికిమాలినవాడు చెక్క కోసి పాడుచేశాడు."

"ఆ పనికిమాలినవాణ్ని నేనే. మహెంగె దారిలో ఇఫకరా ఊళ్లో ఉండగా కోశాను. కోబెకి."

షిరిమా తుపాకి చేతిలోకి తీసుకున్నాడు. "ఇది కోబె తుపాకా! పెద్దాయనా, కోబె చేతులు అంత పొట్టివా?"

"ఆడమనిషి చెయ్యి నీ చెయ్యంత పొడుగుంటుందేంట్రా?"

"ఆడమనిషా! నాన్న ఎప్పుడూ చెప్పలేదే!"

"నువ్వెప్పుడు అడిగావు?"

నాన్న కథ చెప్పింది స్వాహిలీలో. ఆ భాషలో వచ్చాడన్నా వచ్చిందన్నా ఒకటే మాట.

షిరిమా వీధిలోకి పరిగెత్తాడు. మహెంగె బస్సు వెళ్లిపోయి చాలాసేపయిందని టీ కొట్టువాడు చెప్పాడు.

వెనక్కి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. ఇన్నేళ్లూ అది ఎదురుచూసిన ఒక్క మనిషి కూర్చోబోతుంటే, వద్దని స్టూలు జరిపింది తనే.